తెలివితో కరిచిన కుక్క

1969 ఎండాకాలంలో నన్ను చేవెళ్ల తాలూకాకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో కుక్కకాటు మందు తయారుచేసే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో రీసెర్చ్ ఆఫీసర్ని. హోదా పేరు ఘనంగానే ఉండేది. నా పైన అసిస్టెంట్ డైరెక్టరు, ఆయన పైన డిప్యూటీ, ఆ పైన డైరెక్టరు ఉండేవారు. నా కింద ఒక మైక్రోస్కోపూ, కొన్ని కుందేళ్లూ ఉండేవి. చదివింది వైద్యం, ఆ తర్వాత పాథాలజీ. సొంతూరు తెనాలి వైపు.

ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బళ్లూ కాలేజీలూ మూతపడ్డాయి. బస్సులు నడిస్తే నడిచేవి, లేకపోతే లేదు. కుక్క కరిచినవాళ్లు బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు వేయించుకోవాలి. మధ్యలో మానకూడదు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు జనం రోజూ పట్నం రాలేక ఇబ్బంది పడుతున్నారని, మందునే వాళ్ల దగ్గరికి పంపాలని డైరెక్టరుగారు నిర్ణయించారు. ఒక జీపు, మంచు నింపిన ఫ్లాస్కు, ఒక డాక్టరు వెళ్లాలి. ఆ డాక్టరు ఎవరన్న ప్రశ్న వచ్చేసరికి మావాళ్లందరికీ ఒక్కసారిగా నడుం నొప్పులు పట్టుకున్నాయి. నేను మాత్రం వెళ్తానన్నాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు ధైర్యం ఎక్కువై కాదు, పని ఉండి వెళ్లాను. ఆ రోజుల్లో కుక్కకాటు మందును గొర్రె మెదడుతో చేసేవారు. గొర్రె మెదడులో రేబిస్ వైరస్‌ను పెంచి, ఆ మెదడును నూరి, కార్బాలిక్ ఆసిడ్‌తో వైరస్‌ను చంపి, ఆ ద్రవాన్ని మనిషి పొట్టలోకి ఎక్కించేవాళ్లం. చచ్చిన వైరస్‌ను చూసి ఒంట్లోని రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది, రేబిస్ మీద యుద్ధానికి సిద్ధమవుతుంది. అది లాభం. కానీ ఆ సూదిలో వైరస్‌తోపాటు గొర్రె మెదడు కూడా ఉందిగదా. ఎప్పుడో ఒకరి ఒంట్లో ఆ రక్షణ వ్యవస్థ గొర్రె మెదడును కూడా శత్రువుల జాబితాలో వేసుకుంటుంది. గొర్రె నరాల మీద ఉండే తొడుగూ, మన నరాల మీద ఉండే తొడుగూ దాదాపు ఒకటే. ఇంకేముంది, సొంత మెదడు మీదా వెన్నుపాము మీదా దాడి మొదలు. కాళ్లు పడిపోతాయి. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది.

ఇది ఎవరిలో జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్నదే నా పరిశోధన. దానికి మొదటి సూదికి ముందు ఒకసారి, సూదులు నడుస్తుండగా మరొకసారి, ఒకే మనిషి నుంచి రక్తం తీయాలి. మెదడు సారంతో కలిపి చూస్తే, ఆ రక్తం మెదడును గుర్తుపట్టడం నేర్చిందో లేదో తెలుస్తుంది. పట్నంలో రెండోసారి రక్తం ఇవ్వడానికి ఎవరూ దొరికేవారు కాదు. పల్లెల్లో దొరుకుతారని ఆశ.

మా డ్రైవరు జహంగీర్ పాతబస్తీ మనిషి. మొదటి రోజే నాకు షరతు పెట్టాడు. "సాబ్, తొవ్వల ఎవరన్న ఆపితే మీరు నోరు తెరవకుండ్రి. మీ మాట ఇంటే మీది ఏ ఊరో తెల్సిపోతది. నేను మాట్లాడ్త." మొయినాబాద్ ముందర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి యువకులు నిలబడ్డారు. నేను మూగవాడిలా కూర్చున్నాను. జహంగీర్ దిగి, ఇది కుక్కకాటు మందు బండి అనీ, కావాలంటే ఒక్కొక్కరికీ ఒక సూది వేయిస్తాననీ చెప్పాడు. వాళ్లు నవ్వి, రాళ్లు జరిపి, పోతూపోతూ మా బానెట్ మీద తారుతో "జై తెలంగాణ" అని రాశారు. ఆ రోజు నుంచి మా జీపును ఎక్కడా ఎవరూ ఆపలేదు. ప్రభుత్వ వాహనం మీది నినాదాన్ని ఎందుకు తుడిపించలేదని తర్వాత ఆఫీసువాళ్లు సంజాయిషీ అడిగితే, కిరసనాయిలు కొరతగా ఉందని జవాబు రాశాను.

పొద్దున మొయినాబాద్‌లో మూతపడ్డ బడి వరండాలో, మధ్యాహ్నం చేవెళ్ల దవాఖానలో సూదులు వేసేవాణ్ణి. అక్కడ నాకొక కొత్త కష్టం ఎదురైంది. కుక్క కరిచినవాళ్లకంటే కరవనివాళ్లు ఎక్కువ వచ్చేవారు. ఒక బర్రెను పిచ్చికుక్క కరిచిందట. ఆ బర్రె పాలు తోడుపెట్టిన పెరుగు ఒక పెళ్లిలో వడ్డించారట. ఆ పెళ్లి భోజనానికి వెళ్లినవాళ్లంతా పిల్లాపాపలతో వచ్చి వరుసగా నిలబడ్డారు. కాచిన పాలతో ఏమీ కాదని చెబితే, సర్కారు మందు దాచుకుంటున్నానని నిష్ఠూరమాడారు. మొయినాబాద్ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ అనే పల్లె నుంచి పోచవ్వ అనే ముసలమ్మ రోజూ వచ్చేది. ఆమెకు పెళ్లిపిలుపు కూడా లేదు.

"ఆ బర్రె పెండ తీసిన సారూ. నాకొక్క సూదన్న ఏయరాదు?" అనేది.

సిరంజిలో ఏముందో తెలిసినవాణ్ణి కనుక, జనాన్ని సూది నుంచి తరిమేయడమే నాకు సగం పని అయింది.

నిజంగా కుక్క కరిచినవాళ్లలో దేవదానం సారు ఒకరు. హిమాయత్‌నగర్‌లో ప్రైమరీ స్కూలు మాస్టరు. నాలుగు తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న క్రైస్తవ కుటుంబం. మంచి గొంతు. ఆదివారం చర్చిలో పాడేవాడు, మిగతా రోజులు ఊరేగింపుల్లో పాడేవాడు. ఆ ఊరి మోతుబరి పాపిరెడ్డి పటేల్ పంచాయతీ సమితి సభ్యుడు. ఉద్యమానికి మద్దతుగా ఆయన పదవికి రాజీనామా చేయాలని ఊరివాళ్లు ఊరేగింపుగా ఆయన ఇంటికి వెళ్లారు. పాడుతూ ముందు నడిచినవాడు దేవదానం సారు. గేటు దాటి కాలు పెట్టాడో లేదో, పటేల్ గారి కుక్క మోతి వచ్చి పిక్క పట్టుకుంది. పటేల్ అరుగు మీద నుంచి "పిచ్చి లేసింది, కుక్కకు పిచ్చి లేసింది, జరుగుండ్రి!" అని కేకలు పెట్టాడు. కుక్కను కొట్టి చంపి పూడ్చేశారని మర్నాడు ఊరంతా తెలిసింది.

కుక్కకాటు కేసుల్లో మాకొక నియమం ఉంది. కరిచిన కుక్కను కట్టేసి పది రోజులు గమనించాలి. అది హాయిగా తింటూ తాగుతూ తిరిగితే దానికి రేబిస్ లేనట్టే, సూదులు ఆపేయవచ్చు. చచ్చినా, చంపేసినా, కనిపించకుండా పోయినా పిచ్చికుక్క కిందే లెక్క, కోర్సు మొత్తం వేయాలి. సారుకు కోర్సు మొదలుపెట్టాను. మొదటి సూదికి ముందు రక్తం కావాలనగానే ఆయన చెయ్యి చాపాడు. అది పరిశోధనకు ఎందుకో తెలుసుకోవాలన్నాడు. ఒంటి రక్షణ ఒక్కోసారి దారి తప్పుతుందని చెప్పాను. లాఠీచార్జిలో రాళ్లు వేసినవాడు సందులోంచి జారుకుంటాడు, కూరగాయల సంచీతో ఎదురొచ్చినవాడి వీపు పగులుతుంది, అలాంటిదే అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"సమజైంది సార్. అయితే నా లోపటి పోలీసోళ్లకు జర మంచిగ చెప్పుండ్రి. గొర్రె మెదడు ఎక్కుతున్నది గద, ఇగ బడి తెరిస్తే పోరగాళ్లకు ఏం చెప్తనో ఏమో!"

కోర్సు సగం దాటాక ఒక పొద్దున ఆయనకు బదులు ఆయన భార్య సుగుణమ్మ వచ్చింది. చర్చి పక్కన ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది ఆమె. నడిచి కాదు, పరిగెత్తి వచ్చింది.

"మా ఆయన కాళ్లు లేస్తలేవు సార్. నిన్న తిమ్మిర్లన్నడు. ఇయాల మంచం దిగుతలేడు. ఒంటికి పోతలేదు, కడుపు బిగిసింది."

వరుసలో ఉన్నవాళ్లను అక్కడే వదిలేసి హిమాయత్‌నగర్ వెళ్లాను. సారు మంచం మీద చెమటలు కక్కుతున్నాడు. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టితే కాలు ఉలకలేదు. అరికాలి నుంచి బొడ్డు దాకా గుండుసూదితో గుచ్చినా తెలియడం లేదు. పుస్తకాల్లో చదివినదీ, చచ్చినవాళ్ల వెన్నుపాముల్లో మైక్రోస్కోపు కింద చూసినదీ, నిన్న నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషిలో కనబడేసరికి నాకు భయం వేసింది. జహంగీర్‌ను చేవెళ్ల దవాఖానకు పంపి రబ్బరు గొట్టం తెప్పించి మూత్రం తీశాను. అది తాత్కాలిక ఉపశమనం మాత్రమే.

అసలు చిక్కు వేరు. ఇది సూది వల్ల వచ్చిన పక్షవాతం అయితే సూదులు వెంటనే ఆపాలి. హైడ్రోకార్టిజోన్ ఇచ్చి, ఒంట్లో చెలరేగిన రక్షణను అణచాలి. కానీ కరిచింది పిచ్చికుక్క అయితే, ఈ మనిషిని రేబిస్ నుంచి కాపాడవలసింది ఆ రక్షణే. దాన్ని నేనే అణిచేస్తే ఇవాళ కాళ్లు తిరిగి వచ్చి, నెల తిరిగేలోగా మనిషే పోవచ్చు. అణచకపోతే ఆ పక్షవాతం ఛాతీ దాకా ఎక్కి ఊపిరి ఆగవచ్చు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏది చేయాలో తేల్చగలిగింది ఆ కుక్క ఒక్కటే, అది మట్టిలో ఉంది. సుగుణమ్మ నా ముఖంలోకి చూస్తూ, "సూది ఏస్తరా, ఏయరా? ఒక్క మాట చెప్పుండ్రి" అంది.

వాకిట్లో జనం మూగారు. విషం ఎక్కిందని ఒకరు, పసరు పోయించాలని ఒకరు. ఆ గుంపును తోసుకుని పోచవ్వ ముందుకొచ్చింది.

"చూస్తివా సారూ, ఎట్లయిందో! ఇప్పుడన్న నాకు సూది ఏయ్. ఆ బర్రె పెండ ఈ చేతులతోనే తీసిన."

నాకు కోపం నషాళానికి అంటింది. తిట్టబోయి, నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఆగిపోయాను. పిచ్చికుక్క కరిచిన బర్రె పేడ ముట్టుకున్న మనిషి ఇన్నాళ్లుగా నా వెంటపడుతోంది. ఆ పాల పెరుగు తిన్నవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మరి పిచ్చికుక్కను చేత్తో అన్నంపెట్టి పెంచిన ఇంట్లో నుంచి ఒక్కరంటే ఒక్కరైనా నా వరండా మెట్లెక్కారా? పటేల్ గారి ఇంట్లోవాళ్లు పట్నం వెళ్లి ఏమైనా సూదులు వేయించుకున్నారా అని అక్కడివాళ్లను అడిగాను. బండి కదలలేదనీ, ఎవరూ ఎక్కడికీ పోలేదనీ చెప్పారు.

ఫ్లాస్కూ, సిరంజి ట్రే పట్టుకుని పటేల్ ఇంటికి బయలుదేరాను. సుగుణమ్మ నా వెంటే వచ్చింది. పాపిరెడ్డి పటేల్ భారీ మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. మీ ఇంట్లో పిచ్చికుక్క ఉండేది కాబట్టి ఇంటిల్లిపాదికీ కోర్సు వేయాలని, ఇప్పటికే ఆలస్యమైందని, ఎవరెవరు దానికి అన్నం పెట్టేవారో పిలవమని చెప్పాను.

"మాకెందుకు సార్ ఊకె? మాకేం కాలే" అన్నాడు పటేల్.

పిచ్చికుక్క చొంగ చేతిమీద గీతలో పడినా చాలని, అందుకే బొడ్డు చుట్టూ పద్నాలుగు వేస్తామని చెబుతూ, ట్రేలోంచి ఉన్నవాటిలోకెల్లా పొడుగాటి సూది తీసి సిరంజికి తగిలించాను. అది గుర్రాలకు వాడే సైజు. పొరపాటున మా పెట్టెలో ఉండిపోయింది, ఆ రోజు దాని రుణం తీరింది. పటేల్ తల్లి గడపలో నిలబడి చూస్తోంది. కుక్కకు రోజూ రొట్టె వేసేది ఆవిడేనట. ముందు మీరు రండి అవ్వా అన్నాను.

"నాకెందుకు బిడ్డా పొడుస్తవు?" అని ముసలమ్మ గోడకు అతుక్కుపోయింది. "మోతి మంచిగనే ఉన్నదాయె! చిల్కూర్ల మా బిడ్డ ఇంట్ల కట్టేసిండ్రు. నిన్ననే జొన్నరొట్టె తిన్నదని కబురొచ్చె!"

పటేల్ తల దించుకున్నాడు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వేయాలంటారు. పటేల్ మాత్రం బతికించుకోవడానికి ఆ ముద్ర వేశాడు. కుక్కను మాత్రమే కాదు, తన ఇంటిని కూడా.

"మంచి కుక్క కరిచిందంటే, నేనే ఉసికొల్పిన అంటరు సార్. ఊరేగింపు మీదికి పటేల్ కుక్కను ఇడిసిండంటరు. ఈ దినాలల్ల గా మాట చాలదా? నా గడ్డివాము మిగుల్తదా, ఇల్లు మిగుల్తదా? పిచ్చి కుక్కకైతే పార్టీ ఉండదు గద."

నాకు ఒళ్లు మండింది. అదే సమయంలో ఆయన చెప్పింది అబద్ధం కాదని కూడా తెలుసు. ఈలోగా సుగుణమ్మ ముందుకొచ్చింది.

"పటేలా, నీ గడ్డివాము కాడ నేను పండుకుంట. ఎవలొస్తరో నేను చూస్త. నాకు మా ఆయన కాళ్లు గావాలె. కుక్కను చూపెట్టు."

పటేల్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

చెవులతో విన్న కుక్క చాలదు, కళ్లతో చూడాలి. ముగ్గురం జీపెక్కి చిల్కూరు వెళ్లాం. బానెట్ మీద "జై తెలంగాణ" అని రాసున్న బండిలో, రాజీనామా చేయనని భీష్మించుకున్న సమితి సభ్యుడు తువ్వాలు ముఖాన కప్పుకుని కూర్చున్నాడు. జహంగీర్ దారిపొడుగునా నవ్వు ఆపుకోలేక దగ్గుతూనే ఉన్నాడు. పటేల్ చెల్లెలి ఇంటి కొట్టంలో మోతి కట్టేసి ఉంది. పటేల్‌ను చూడగానే తోక ఊపింది. నీళ్ల గిన్నె పెట్టమన్నాను, గటగటా తాగింది. రొట్టె వేస్తే గుటుక్కున మింగింది. కరిచి అప్పటికి పది రోజులు దాటాయి. దవడలు, నడక దగ్గరగా చూద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. అది నా ప్యాంటు మోకాలి దగ్గర పట్టుకుని పర్రుమని చింపింది. చర్మానికి తగల్లేదు.

"తెలివితోనే సార్," అన్నాడు పటేల్ చిన్న గొంతుతో. "దానికి కొత్త మనుషులు గిట్టరు."

చిరిగిన ప్యాంటుతో అంత సంతోషంగా నేను ఎన్నడూ జీపెక్కలేదు. హిమాయత్‌నగర్ చేరీ చేరగానే సారుకు హైడ్రోకార్టిజోన్ ఎక్కించాను. ఆయన దగ్గర మరోసారి రక్తం తీసుకున్నాను. గొర్రె మెదడు సూదులు ఆపేశామని చెప్పాను. జీపు వెనక పరుపు వేసి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో రెండుచోట్ల రాళ్ల అడ్డంకులు వచ్చాయి. బానెట్ చూసి వాళ్లంతట వాళ్లే తొలగించారు. వారం తిరక్కుండానే సారు కాలి బొటనవేలు కదిలింది. సుగుణమ్మ ఆ వేలును చేత్తో పట్టుకుని ఏడ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

వానలు పడ్డాక ఆయన చేతికర్రతో ఊరికి నడిచి వచ్చాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. కుక్క బతికే ఉందన్న సంగతి అప్పటికి ఊళ్లో పొక్కింది. యువకులు కొందరు గుర్రుగా ఉన్నారు. పటేల్ ఇంటి ముందు సారు కర్ర ఆనించి నిలబడి అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"మోతికి సమితి తెల్వది, తెలంగాణ తెల్వది. దానికి నేను కొత్తోణ్ణి, గేట్ల కాలువెట్టిన, కరిచింది. గంతే. ఎవ్వలూ వాముల జోలికి పోవద్దు." ఆ తర్వాత అరుగు మీద ఉన్న పటేల్ వైపు తిరిగాడు. "ఇగ చెప్పు పటేలా, రాజీనామా సంగతి ఏం జేసినవ్?"

గడ్డివాముకు ఏమీ కాలేదు. రాజీనామా మాత్రం అప్పట్లో రాలేదు.

సారు రక్తం రెండు నమూనాల్లో నేను వెతుకుతున్నది స్పష్టంగా కనబడింది. మొదటిదానికి మెదడు అంటే ఏమిటో తెలియదు. రెండోది మెదడు సారాన్ని చూడగానే శత్రువును గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. ఒక నమూనాతో శాస్త్రం తేలదు, ఇంకా చాలా ఏళ్లు ఆ పని చేశాను. గొర్రె మెదడు మందు వాడకం చివరికి ఆగిపోయింది. మెదడును ముట్టకుండా రక్షణను మాత్రమే మేల్కొలిపే మందులు వచ్చాయి.

అప్పటిదాకా కుక్కకాటు కేసుల్లో పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చిన కుర్ర డాక్టర్లకు పుస్తకంలో లేని ఒక ప్రశ్న చెప్పి పంపేవాణ్ణి. కుక్క చచ్చిందా, పిచ్చిదా అని ఊరును అడగండి, అడిగి రాసుకోండి. తర్వాత ఆ కుక్కకు రోజూ అన్నం పెట్టినవాళ్లు సూది వేయించుకున్నారో లేదో కనుక్కోండి. ఆ ఇంట్లో ఎవరూ వేయించుకోకపోతే, సిరంజి పక్కన పెట్టి ముందు కుక్కను వెతకండి.